మూడు చుట్ల దారం

పోయిన బుధవారం పొద్దున, మా బీడీల కార్ఖానాలో పనిచేసే పెద్దవ్వ పోయిందని కబురు తెచ్చారు. లెక్కలు చూసే మున్షీ వినీ విననట్టు ఆకు తూకం వేస్తూనే ఉన్నాడు. ఆయన మీద వచ్చిన కోపం నాకింకా దిగలేదు. పెద్దవ్వ నాకు చుట్టం కాదు, బీడీ చుట్టడం నేర్పిన మనిషి. ఆమెకు ఫొటో లేదు, ఆమె పేరు ఏ కాగితం మీదా లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు మీకు రాస్తున్నాను.

ఐదేళ్ళ కిందట, యుద్ధం రోజుల్లో, మిరుదొడ్డి నుంచి సిద్దిపేట వచ్చాం. మా ఆయన జ్వరంతో దవాఖానలో ఉన్నాడు. పని నేర్చుకునే మూడు నెలలూ కూలి లేదన్నాడు మున్షీ. మధ్యలో మానేస్తే పాడుచేసిన ఆకు ఖరీదు మేమే కట్టాలట. ఆకు ఎత్తుకుపోతామని బయట గొళ్ళెం పెట్టి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి తీసేవారు. ఉండలేను, పోలేను. చంటిపిల్లను పక్కింట్లో వదిలి వచ్చి, పాలు చేపి రవిక తడిసిపోతుంటే ఆ తలుపు వంకే చూస్తూ కూర్చునేదాన్ని.

"తలుపును సూడకు బిడ్డా, ఆకును సూడు. తలుపును సూస్తే పొద్దు పోదు," అనేది పెద్దవ్వ. నేను చుట్టింది చూసి, "గిది బీడీ గాదే, బెండకాయ!" అని నవ్వించేది. తన జొన్నరొట్టెలో సగం నా ఒడిలో పడేసి ఆకలి లేదని అబద్ధమాడేది.

కొత్తవాళ్ళం బీడీ ఊడిపోతుందని భయపడి దారం మూడు చుట్లు చుట్టేవాళ్ళం. చేయి తిరిగినవాళ్ళు రెండే చుడతారు. మా బీడీలన్నీ పనికిరావని మున్షీ వేరే గంపలో వేయించుకునేవాడు. రెండో నెలకు నావి బాగానే వస్తున్నా పెద్దవ్వ మాత్రం ఆ మూడో చుట్టు మాన్పించలేదు. "ఉండనియ్యే, దానితోని పనుంది," అంది.

ఒక శనివారం, బజారుకు పోయే గంపలోంచి నాలుగు కట్టలు తీసి మున్షీ ముందు విప్పింది.

"గీ మూడు చుట్లయి ఎవ్వరియి మున్షీ సాబ్?"

"కొత్తోళ్ళయి. కలిసినట్టున్నయ్."

"పనికిరావంటివి గద. అయితే ఇరగ్గొట్టు, మేం సూస్తం. ఇరగ్గొట్టకుంటే అమ్ముకునే సరుకే. గట్లయితే జేసిన చేతికి కూలి ఇయ్యాలె."

అందరం పని ఆపేశాం. మున్షీ ఒక బీడీ తీసి వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. విరిస్తే కార్ఖానా యజమాని సేటుకు జవాబు చెప్పాలి. మళ్ళీ గంపలోనే పెట్టాడు.

ఆ వారం నుంచి కొత్తవాళ్ళకు మొదటి రోజు మొదలుకొని సగం కూలి ఇవ్వసాగారు. నా చేతిలో పడ్డ తొలి నిజాం హాలీ సిక్కాలతో మా ఆయనకు మందు కొన్నాను. ఆయన బతికాడు.

పెద్దవ్వను మాత్రం సోమవారమే ఆకు నానబెట్టే గదిలోకి మార్చారు. అది కిటికీ లేని గది, కాళ్ళ కింద ఎప్పుడూ నీళ్ళే. ఆ వయసులో ఆమెకు ఇంకెవరు పనిస్తారు? అక్కడే దగ్గు పట్టుకుంది. నా వల్లే కదా అని నేను ఏడిస్తే తిట్టింది.

"నీ ఒక్కదాని కోసం జేసిననా? నేర్సుకునేటప్పుడు నేను గూడ ఆర్నెల్లు ఉత్తగనే సుట్టిన." కాసేపు దగ్గి, తలుపు వంక చూసింది. "గీ గొళ్ళెమొక్కటి మిగిలింది," అంది.

పెద్దవ్వ పోయిన మర్నాడే హుస్నాబాద్ వైపు నుంచి ఒకామె పనికి వచ్చింది. నేర్పమని నాకే అప్పగించారు. శనివారం మున్షీ సగం కూలి చేతిలో పెడితే బిత్తరపోయింది. "నేనింక నేర్సుకోనే లేదు గద అక్కా, ఎందుకిచ్చిండు?" అని అడిగింది. పెద్దవ్వ సంగతి చెప్పబోయి, ఆ డబ్బులు ఆమె కొంగున ముడివేశాను.

ఇవాళ పొద్దున గొళ్ళెం పడగానే ఆమె తలెత్తింది.

"అక్కా, గా గొళ్ళెం ఎప్పటికీ గట్లనే ఏస్తరా?"

తలుపును చూడకు అనబోయి ఆగిపోయాను. తడి ఆకు మా చేతుల్లో ఎండి ముడుచుకునేదాకా ఇద్దరం ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్నాం.