కారులో పడక, ఐస్ పెట్టెలో ఇన్సులిన్: పోచారం చెరువు దగ్గర ఒక రోజు

మా అమ్మాయి షారోన్‌కు పన్నెండేళ్లు. ఎనిమిదో ఏట నుంచి టైప్ వన్ షుగర్ ఉంది. అన్నం తినే ముందు ఒక ఇన్సులిన్, రాత్రి పడుకునే ముందు ఇంకొకటి, రోజూ తప్పకుండా వేసుకోవాలి. పోయిన డిసెంబరులో వాళ్ల స్కూలు వాళ్లు పిల్లల్ని రెండు రోజుల క్యాంపుకు తీసుకెళ్లారు. షారోన్‌ను తీసుకెళ్లలేమని క్లాస్ టీచర్ ఎంతో మర్యాదగా ఫోన్ చేసి చెప్పారు. నేనూ టీచర్నే. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే మాట చెప్పేదాన్నని తెలుసు కాబట్టి సరేనని ఫోన్ పెట్టేశాను. షారోన్ ఏడవలేదు. ఓ వారం తర్వాత, నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే పక్కన వచ్చి కూర్చుని, "మమ్మీ, నేను ఎప్పుడైనా బయట ఎక్కడైనా పడుకోవచ్చా, ఎప్పటికీ ఇంట్లోనేనా?" అని అడిగింది. ఈ ప్రయాణం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

టెంట్ వేసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. మాది పాత ఏడు సీట్ల బండి, వెనక రెండు వరుసలు మడిస్తే ఇద్దరు పడుకోవచ్చు. తలుపులకు తాళం పడుతుంది, రాత్రి ఏదైనా తేడా చేస్తే అలాగే నేరుగా ఆసుపత్రికి పోవచ్చు. కారే ఎందుకంటే, నాకున్న కారణాలు ఈ రెండే. మా ఆయన ప్రభుదాస్ మాత్రం మడత మంచం వేసుకుని కారు పక్కనే పడుకుంటానన్నారు. తోడు కోసం కాదు, కారులో కాళ్లు చాపుకోవడం ఆయన వల్ల కాదు.

సామాన్ల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఇలా వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. మొదట అల్వాల్‌లో ఉండే మా స్కూలు టీచరమ్మ దగ్గర కార్లకోసమే చేసిన గాలి పరుపు అడిగి తెచ్చాను. ఒకరు కదిలితే రెండోవాళ్లు లేచి పడుతున్నారు, పైగా ఒకటే కీచుకీచుమనే శబ్దం. అది తిరిగిచ్చేసి, రాణిగంజ్‌లో కొలత చెబితే కోసిచ్చే దుకాణంలో నాలుగంగుళాల ఫోమ్ మూడు ముక్కలుగా చేయించాను, కవరుతో కలిపి రెండు వేల ఎనిమిది వందలు. మడిచిన సీట్ల మధ్య వచ్చే గుంటలో పాత దుప్పట్లు కూరి, దాని మీద ఈ ఫోమ్ వేస్తే ఇంట్లో మంచానికి పెద్ద తేడా ఉండదు. కిటికీలకు జనరల్ బజార్‌లో దోమతెర గుడ్డ కొని, అంచుల్లో చిన్న అయస్కాంతాలు పెట్టి నేనే కుట్టాను. తలుపు ఇనుముకు అవే అతుక్కుంటాయి, అద్దం రెండంగుళాలు దించినా ఒక్క దోమ రాదు. ముందు అద్దానికి వెండి రంగు ఎండ తెర, చార్జింగ్‌తో తిరిగే చిన్న ఫ్యాను, పురుగుల్ని తక్కువగా పిలిచే పసుపు లైటు. అంతే.

ఒక గురువారం సాయంత్రం నేరేడ్‌మెట్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే పడుకుని చూశాం, తలుపులు వేసుకుని, తెరలు కట్టుకుని. పది నిమిషాలకే వాచ్‌మన్ యాదయ్య వచ్చి అద్దం మీద తట్టాడు. "ఏందమ్మా, ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా? కార్ల పండుకున్నరు?" అని గొంతు తగ్గించి అడిగాడు. షారోన్ ఎంతసేపు నవ్విందో చెప్పలేను. నాకు మాత్రం నవ్వు రాలేదు. పడుకుని పైకప్పు చూస్తూ, ఎండకు కారు వేడెక్కితే మందు ఏమవుతుందా అనే ఆలోచిస్తున్నాను. ఇన్సులిన్ ఎండకు పాడవుతుందని నాలుగేళ్లుగా వింటూ వింటూ ఆ భయం నా ఒంట్లోకి ఇంకిపోయింది.

అందుకే అన్నిటికంటే ఖరీదైన వస్తువు మందు కోసమే కొన్నాను. మందపాటి గోడల ఐస్ పెట్టె, మూడున్నర వేలు. మూత తియ్యకుంటే రెండు రోజులు చల్లగా ఉంటుందని రాసి ఉంది. అందులో పెట్టే జెల్ ప్యాకులు ముందు రోజే డీప్ ఫ్రిజ్‌లో రాయిలా గడ్డకట్టించాను. శనివారం ఉదయం ఆరింటికి షారోన్ ఇంట్లోనే ఇన్సులిన్ వేసుకుని ఇడ్లీ తినగానే, పగటిదీ రాత్రిదీ వాడుతున్న రెండు ఇన్సులిన్ పెన్నులూ, అదనంగా ఉంచుకున్న కొత్త మందూ కలిపి రెండు ప్యాకుల మధ్య పెట్టి, మిగతా సామాన్లు సర్దాక మూత బిగించాను. "అంత ఐస్ ఎందుకు సునీతా?" అన్నారు మా ఆయన. "ఫిబ్రవరి ఎండని తక్కువ చేసి చూడకండి" అన్నాను.

ఆరున్నరకు బయల్దేరి బోయిన్‌పల్లి, బాలానగర్, గండిమైసమ్మ మీదుగా నర్సాపూర్ రోడ్డు పట్టుకున్నాం. ఎనిమిది దాటితే బాలానగర్‌లో లారీల వెనక ఇరుక్కుంటారు, కాబట్టి తెల్లారే వెళ్లడం మంచిది. నర్సాపూర్ అడవి దగ్గర టీ తాగి, కౌడిపల్లి దాటి, పదింటికల్లా మెదక్ చేరాం. అక్కడి నుంచి పోచారం చెరువు వైపు అరగంట. చెరువుకు కాస్త ఇవతల ఒక మామిడి తోటలో, తెలిసినవాళ్ల ద్వారా మాట్లాడుకుని బండి పెట్టుకున్నాం. చోటుకూ బాత్రూముకూ కలిపి ఎనిమిది వందలు, భోజనం మనిషికి మూడు వందల యాభై. పెట్రోలు రానుపోను రెండు వేల లోపే అయింది. మామిడి పూత మీద తేనెటీగలు, నీడలో చల్లటి గాలి. షారోన్ చెప్పులు విడిచి తోటంతా తిరిగింది. నేను గంటకోసారి వెళ్లి పెట్టె మీద ఎండ పడుతోందేమో చూసి వచ్చాను.

పన్నెండున్నరకు తోట చూసుకునే లచ్చవ్వ కట్టెల పొయ్యి మీద నాటుకోడి కూర దించి, "రాండ్రి బిడ్డ, వేడివేడిగ తిందురు" అని పిలిచింది. షారోన్ వేలికి గుచ్చుకుని షుగర్ చూసుకుంది, నూట ఎనభై ఏడు. నేను పెట్టె మూత తీశాను. పగటి పెన్ను జెల్ ప్యాకుకు అంటుకుపోయి ఉంది. లాగి వెలుతురుకు పట్టి చూస్తే, నీళ్లలా తేటగా ఉండాల్సిన మందు లోపల తెల్లటి పొరలు. కొత్త మందు కూడా అంతే, గడ్డ. రాత్రి పెన్నును విడిగా చూడాలని కూడా తోచలేదు, అన్నీ పోయాయనుకున్నాను. పెన్నును అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టాను, అలా చేస్తే మళ్లీ మామూలు అవుతుందన్నట్టు.

"మమ్మీ, అలా చెయ్యకు. గడ్డకట్టింది ఇక పనిచెయ్యదు" అంది షారోన్, నెమ్మదిగా.

తోటలో సిగ్నల్ లేదు. గేటు దాకా పరుగెత్తితే డాక్టర్ గారి ఫోన్ కలిసింది. కరిగినా సరే అది వాడొద్దని, వెంటనే అదే మందు కొత్తది తెచ్చుకోమని, అంతదాకా అన్నం పెట్టకుండా నీళ్లు తాగించమని, మరీ ఆకలైతే ఉడికించిన గుడ్డు ఇవ్వమని చెప్పారు ఆవిడ. నేను తిరిగొచ్చేసరికి లచ్చవ్వ కంచం పట్టుకుని షారోన్ ముందు నిలబడి ఉంది. ఇప్పుడు తినకూడదని నేనంటే, ఆమె కారు వైపోసారి, నా వైపోసారి చూసింది. "గిన్ని సామాన్లు మోసుకొచ్చిన్రు, పిల్లకు బువ్వ పెట్టనీకి లేదా?" అంది. తిట్టాలని కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

సామాన్లన్నీ తోటలోనే వదిలేసి మెదక్‌కు తిరిగి బయల్దేరాం. పద్దెనిమిది కిలోమీటర్లు. వచ్చేటప్పుడు నాకు కనిపించని స్పీడ్ బ్రేకర్లు అప్పుడు ఒక్కొక్కటీ కనిపించాయి. వెనక సీట్లో షారోన్ మళ్లీ షుగర్ చూసుకుంది. "ఎంత?" అని వెనక్కి తిరగకుండానే అడిగాను. "రెండు వందల పన్నెండు. ఏం కాదు మమ్మీ." ఆ గొంతులో నన్ను సముదాయించే ధోరణి విని ఇంకా భయమేసింది. మొదటి మందుల షాపులో ఇన్సులిన్ ఉంది కానీ సీసాది. ఆ మందు వేరు, బలం వేరు, దాని సిరంజి వేరు. కంగారులో అదే కొనబోతుంటే మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

రెండో షాపు ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర్లో ఉంది. ఫోన్‌లో ఉన్న డాక్టర్ చీటీ చూపించాను. కౌంటర్‌లో ఉన్నాయన కళ్లజోడు పైకి తోసి చదివి, "పరేషాన్ గాకుండ్రి మేడం, అన్నం ముందు ఏస్కునేది ఫ్రిజ్‌ల ఉన్నది" అంటూ తీసిచ్చాడు. జరిగింది చెబితే తలూపాడు. "ఐస్‌కు ఆనిచ్చి పెట్టిన్రా? మస్తు మంది గిట్లనే చేస్తరు. ఎండకు భయపడి సలికి సంపుతరు. అయితే రాత్రిది మాత్రం నా దగ్గర లేదు. హైదరాబాద్ నుంచే తెప్పియ్యాలె, సోమవారం అయితది."

రాత్రి మందు లేకుండా ఉండడమనే మాటే లేదు. "ఇంటికెళ్లిపోదామండీ" అన్నాను మా ఆయనతో. ఆయన కారు తాళాలు తీశారు. షారోన్ కదల్లేదు. భుజానికున్న చిన్న బ్యాగ్ జిప్పు తీసి, అందులోంచి పెన్సిల్ పౌచ్, పౌచ్‌లోంచి రాత్రి పెన్ను తీసి కౌంటర్ మీద పెట్టింది.

"ఇది పెట్టెలో ఉండనివ్వలేదు మమ్మీ. పొద్దున నువ్వు మూత వెయ్యకముందే తీసేసుకున్నా. వాడుతున్న పెన్ను నెల దాకా బయట ఉండొచ్చని డాక్టర్ ఆంటీ పోయినసారి నాకే చెప్పారు."

"మరి నాకు చెప్పాలిగా?" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే పెరిగింది.

"చెప్తే మళ్లీ పెట్టెలోనే పెట్టేదానివి. నువ్వు భయపడితే నేనేం చెప్పినా వినవు."

షాపాయన పెన్ను అందుకుని లైటుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "తేటగ ఉన్నది. బరాబర్ చేసినవ్ బిడ్డ" అన్నాడు. నేను మళ్లీ డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఎండలో కారులో వదలకపోతే నిక్షేపంలా వాడుకోవచ్చన్నారు. ఆ నాలుగు మాటలూ విన్నాక షాపు మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను. నాలుగేళ్లుగా ఆ పిల్లను నేను కాపాడుతున్నాననుకున్నాను. ఆ పిల్ల తన మందును నా నుంచి కాపాడుకుంది, అదీ దొంగతనంగా. ఆమెకు అలా దాచుకోవడం నేర్పింది నేనే కదా అనిపించింది.

తోటకు చేరేసరికి రెండు దాటింది. లచ్చవ్వ కూర మళ్లీ వేడిచేసి పెట్టింది. షారోన్ పొట్ట మీద తనే సూది వేసుకుంటుంటే దగ్గరికొచ్చి చూసి, "నొయ్యదా బిడ్డ?" అంది. "అలవాటైపోయింది అవ్వా." "నాకు సుత షుగరే. గోలీలు మింగనీకే నాకు తక్లీఫ్ అయితది, నువ్వు జెర మొండిదానివే" అని ఇంకో ముక్క వేసింది. ఆ భోజనం షారోన్ తిన్నంత ఇష్టంగా మా ఇంట్లో ఎప్పుడూ తినలేదు.

సాయంత్రం కారును ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా ఆపాం. తల అటువైపు పెట్టుకుంటే జారిపోతున్నట్టు ఉండదు. తెరలు కట్టి, షారోన్ రాత్రి మందు వేసుకున్నాక అద్దాలు రెండు పక్కలా కొంచెం దించి పడుకున్నాం. ఫ్యాను అవసరమే పడలేదు, దుప్పటి కావాల్సొచ్చింది. రాత్రి రెండింటికి షుగర్ చూడాలని అలారం పెట్టుకున్నాను. అది మోగేసరికి షారోన్ అప్పటికే లేచి కూర్చుని, "నూట నలభై ఆరు. పడుకో మమ్మీ" అంది. తను వెంటనే నిద్రపోయింది. నాకు నిద్ర పట్టలేదు, కానీ ఆ ఒక్కసారి మళ్లీ చూడమని అడక్కుండా ఊరుకున్నాను. ఆదివారం ఉదయం మెదక్ చర్చిలో ఆరాధనకు వెళ్లి, అదే దారిలో మూడింటికల్లా ఇల్లు చేరాం.

ఈ ప్రయాణంతో నా భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా, స్కూలు నుంచి షారోన్ రావడం పది నిమిషాలు ఆలస్యమైందని రెండుసార్లు బాల్కనీలోకి వెళ్లొచ్చాను. కానీ ఒకటి తెలిసింది. నేను కొన్న వస్తువుల్లో మాకు సుఖమిచ్చినవన్నీ నిదానంగా, పడుకుని చూసి, కొలిచి కొన్నవి. భయంతో కొన్న ఒక్క పెట్టే మమ్మల్ని రోడ్డు మీదికి ఈడ్చింది. పెట్టె చెడ్డది కాదు. మందును ఎలా పెట్టాలో రోజూ ఆ మందు వేసుకునే మనిషిని నేను ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు షారోన్ చెబుతోంది, నేను వింటున్నాను. మధ్యలో ఆపకుండా వినడం ఇంకా కష్టంగానే ఉంది.

మీలో ఎవరైనా ఇలా మందుతో ప్రయాణించేవాళ్లుంటే ఒక్క మాట. ఇన్సులిన్‌ను ఐస్‌కు ఎప్పుడూ ఆనించకండి, మధ్యలో మందపాటి తువ్వాలు ఉండాలి. మీ డాక్టరును అడిగి, మందును రెండు చోట్ల సర్దుకోండి. ఒక భాగం పెట్టెలో, రెండోది అది ఎవరి మందో వాళ్ల బ్యాగ్‌లో. వాళ్లు చిన్నపిల్లలైనా సరే.