చీర కొనడానికి వెళ్ళిన రోజు

ఒక ప్రభుత్వాసుపత్రిలో హెచ్ఐవీ కౌన్సెలర్‌గా చేరిన కొత్తలో నాకు తొందరెక్కువ. నాకంటే తెలివైనవాళ్ళు ఆ వరండాలో ఎవరూ లేరన్న నమ్మకం ఇంకా ఎక్కువ.

ఆమె ధర్మవరం నుంచి వచ్చేది. భర్త ఆ జబ్బుతోనే పోయాడు. మగ్గాలున్న ఒక ఇంట్లో పట్టుదారం కండెలకు చుట్టే పని చేస్తూ కూతురిని చదివించుకుంటోంది. మొదటిరోజు నేను చెప్పిందంతా తలవంచుకుని విని, ఒక్కటే అడిగింది.

"మాత్రలు తప్పకుండా మింగుతా మేడం. మీరు మాత్రం మా వీధికి రావాకండి. తెలిస్తే నన్ను పట్టు ముట్టనీరు."

రానని మాటిచ్చాను. శిక్షణలో నేర్పిందీ అదే, వాళ్ళు ఒప్పుకోకుండా ఇంటి గడప తొక్కకూడదు.

ఆ ఎండాకాలం ఆమె రెండు నెలలు రాలేదు. ఫోన్ స్విచ్చాఫ్. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా ఖాళీ. మాత్రలు మానేసిన మనిషి ఎలా అయిపోతాడో అంతకుముందే ఒకరి మంచం పక్కన నిలబడి చూశాను. మాట తప్పితే ఆమె బతుకు వీధిన పడుతుంది, తప్పకపోతే ప్రాణమే పోవచ్చు. ఇలాంటప్పుడు తోటివాళ్ళను అడగాలి, డాక్టరును అడగాలి. నేనెవరినీ అడగలేదు. నాకో ఉపాయం తోచింది మరి.

ధర్మవరంలో చీరలు కొనేవాళ్ళు నేరుగా మగ్గాలున్న ఇళ్ళకే వెళతారు. కొత్త ఆడమనిషి వీధిలో కనిపిస్తే ఎవరూ వింతగా చూడరు. ఆసుపత్రి సంచి ఇంట్లో పడేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని బయల్దేరాను. బస్సులో నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

వీధి మొదట్లో అరుగు మీద కూర్చున్న పెద్దావిడను, ఆమె పేరు చెప్పి ఇల్లెక్కడని అడిగాను.

"ఏం పనమ్మా?"

"చీరలు చూద్దామని."

"కండెలు చుట్టేదాని దగ్గర చీరలు యాడుంటాయి? చీరలు కావల్లంటే మగ్గమోళ్ళింటికి పోవల్ల గదా."

ఆ ఊళ్ళో ఎవరికైనా తెలిసే సంగతి నాకు తట్టలేదు. కండెలు చుట్టే మనిషికి అమ్మడానికి కాదు కదా, కట్టుకోవడానికైనా పట్టుచీర ఉండదు. అంతలో లోపలినుంచి ఆవిడ కోడలు వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు అందరిలాగే రక్తపరీక్షకు నా గదిలో కూర్చున్న పిల్లే. పాపం, నన్ను చూసి సంతోషపడింది.

"ఆసుపత్రి మేడం గదత్తా. ఆ జబ్బుకు పరీక్ష చేస్తారే, ఆ మేడం."

పెద్దావిడ నన్నొకసారి, వీధి చివరి ఇంటినొకసారి చూసింది. ఆమెను కలవకుండానే వెనక్కి తిరిగాను. బస్సులో సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు మందులిచ్చే అతన్ని అడిగాను. నేను సెలవు పెట్టిన వారంలో ఆమె వచ్చిందట. గుత్తిలో అక్కకు ఆపరేషన్, చేసిపెట్టే దిక్కు లేదు, తను పోవాలని ఆమె చెబితే మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చాడట. ఆమె కార్డులో రాశాడు, రిజిస్టరులో రాయడం మరిచాడు. అతని గది నా గది పక్కనే. వెళ్ళేముందు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

మూడో నెల ముగియకముందే ఆమె వచ్చింది. ఒక్కపూట కూడా మాత్ర మానలేదు. ఫోన్ నీళ్ళ తొట్టిలో పడి పాడైందట. గుత్తి నుంచి తిరిగొచ్చేసరికి మగ్గాలామె గడప దగ్గరే ఆపేసి, ఇక పనికి రావద్దందట. అద్దె ఇల్లూ ఖాళీ చేయమన్నారట. మందులు గుత్తికి మార్చమని కాగితం అడిగింది. కూతురు వరండాలో సామాను మూట పక్కన కూర్చుని ఉంది.

కాగితం రాస్తూ నేను చేసిందంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను. వచ్చినవాళ్ళ ముందు ఏడవకూడదని తెలుసు, ఆగలేదు. ఆమె ఏడవలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కార్డులో దాచుకుంది.

"మీరు నా మంచికే వచ్చినారు మేడం. ఆ సంగతి నాకు తెలుసు. చెడ్డబుద్ధితో వచ్చింటే దుమ్మెత్తిపోసి తిట్టుకుంటాంటి. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోవల్లో గూడా తెలీదు నాకు."