మామిడి పెట్టెలో సినిమా

మా ఇంట్లో మామిడికాయలు మాగేసే గదిలో గడ్డికి నిప్పంటుకున్న రోజున నేను చెప్పని మాట ఒకటుంది. బయట ఎండలో అద్దాన్ని ఇటుకకి ఆనించి వదిలేసింది నేను. కానీ నాన్న అడిగింది ఆ అద్దం సంగతి కాదు. సగం కాలిన పెట్టెని కాలితో తోస్తూ "ఇది ఎవరిది?" అని అడిగాడు. "అక్కది" అన్నాను. అది నిజమే. ఆ ఒక్క నిజం చెప్పి మిగతాది మింగేశాను.

మళ్ళీ ఈ వేసవిలో, అదే పెట్టె గురించి, ఊళ్ళో చాలామంది చూసిన వీడియోలో "దీన్ని నేనే చేశాను" అన్నాను. దెబ్బలు పడ్డ రోజు అక్కది అయిన పెట్టె, మెచ్చుకునే రోజుకి నాది ఎలా అయిందో నాకు సరిగ్గా తెలియడం లేదు. కావాలని అబద్ధమాడానా అంటే, ఆడుతున్నట్టు నాకు అనిపించలేదు. అదే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. గుర్తున్నంత వరకు సరిచేసి రాస్తాను.

నూజివీడులో మాకు బొమ్మల షాపు ఉంది. మొదట్లో గాజులు, రిబ్బన్లు కూడా ఉండేవి, ఇప్పుడు అన్నీ బొమ్మలే. బొమ్మలమ్మి పెళ్ళి చేసుకున్నాను, ఆ బొమ్మల డబ్బుతోనే కొడుకుని ఇంజనీరింగ్ చదివించాను. అయినా ఈమధ్య ఆ వ్యాపారం నాకు అర్థం కావడం మానేసింది.

మా చిన్నప్పుడు సినిమా ముందు వచ్చేది, బొమ్మ తర్వాత వచ్చేది. హాలు ముందు ఒకతను పొడుగాటి వెదురు కర్రకి గడ్డి చుట్టి, దానికి అట్ట ముసుగులు, కాగితం కిరీటాలు, రేకు కత్తులు గుచ్చుకుని నిలబడేవాడు. ఆ ముసుగు ఏ హీరోదో చూస్తే తెలిసేది కాదు, అతను చెప్పాలి. ఏ సినిమా ఆడుతుంటే ఆ హీరోది అనేవాడు. అదే మొహం, అవే బుగ్గలు, మీసం మాత్రం అప్పుడప్పుడు మారేది. మేం నమ్మేవాళ్ళం. అతనికి పోస్టర్ లేదు, మైకు లేదు. తనే ఒక కిరీటం పెట్టుకుని బీడీ కాలుస్తూ నిలబడేవాడు, అంతే.

ఇప్పుడు సినిమా రాకముందే బొమ్మల కంపెనీ కుర్రాడు బైక్ మీద వస్తాడు. షాపు ముందు నిలువెత్తు అట్ట మనిషిని నిలబెట్టి ఫొటో తీసుకుని వెళ్ళిపోతాడు. ఆ హీరో ఎవరో నాకు తెలియదు, పిల్లలకి మాత్రం అతని బూట్ల రంగుతో సహా తెలుసు. ఫోన్లలో ఎవరో డబ్బాలు విప్పుతుంటే చూసి వస్తారు. డబ్బా విప్పడమే ఆట. బొమ్మతో ఆడటం నేను పెద్దగా చూడటం లేదు. వీటిలో కొన్ని డబ్బాలకి లోపల ఏ బొమ్మ ఉందో పైన రాసి ఉండదు. మొన్నొక చిన్నమ్మాయి నా ఎదురుగానే డబ్బా చింపింది. చూసి, "ఇది నా దగ్గరుంది" అని బల్ల మీద పడేసింది.

వాళ్ళమ్మ నా మీద విరుచుకుపడింది. "ఏంటండీ ఇది? కొనేదేంటో చెప్పకుండా అమ్ముతారా?"

"లోపల ఏముందో నాకూ తెలియదమ్మా. కంపెనీ వాళ్ళకే తెలుసు."

"మరి మీరెందుకండీ ఇక్కడ కూర్చుంది?"

ఆమె వెళ్ళాక కూడా ఆ ప్రశ్న గల్లా దగ్గరే ఉండిపోయింది.

దానికి జవాబు మా అబ్బాయి దగ్గరుంది. "నాన్నా, ఇప్పుడు బొమ్మ అమ్మకూడదు, కథ అమ్మాలి. నువ్వు చిన్నప్పుడు పెట్టెలో సినిమా చూపించేవాళ్ళమని చెప్పేవాడివే, అది చెప్పు చాలు" అన్నాడు. విజయవాడలో అట్టపెట్టెలు చేయించే వాళ్ళతో అప్పటికే మాట్లాడేశాడు. అట్టపెట్టె, చిన్న లైటు, గాజు బిళ్ళ, కొన్ని బొమ్మల రీళ్ళు. పిల్లలు అతికించుకుని గోడ మీద బొమ్మ చూసుకోవాలి. మూత మీద మామిడి కొమ్మ కింద నిక్కరేసుకున్న ఒక కుర్రాడి బొమ్మ. ఆ కుర్రాడు నేనట.

షాపు వెనక సామాన్ల గదిలో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఫోన్ పట్టుకున్నాడు. "మా అక్కా నేనూ కలిసి..." అని మొదలుపెట్టాను.

"కట్, కట్. ఇద్దరుంటే సాగిపోతుంది నాన్నా. మూత మీద ఒక్కడేగా ఉంది? ఒక్కడి కథే చెప్పు."

చెప్పాను. ఏ తడబాటూ లేకుండా చెప్పాను. హాలు వెనక పారేసిన తెగిన ఫిలిం ముక్కలు ఏరుకొచ్చానని, మామిడి పెట్టె చెక్కల సందులకి మైదా జిగురుతో పేపర్లు అంటించానని, మాడిపోయిన బల్బు మూతి మేకుతో ఊడదీసి, లోపలి తీగ తీసేసి నీళ్ళు పోసి భూతద్దంలా చేశానని, ఫిలిం ముక్కని తలకిందులుగా పెడితేనే గోడ మీద బొమ్మ తిన్నగా వస్తుందని కనిపెట్టానని. చీకటి గదిలో, మాగుతున్న కాయల వాసన మధ్య, తెరలా కట్టిన నాన్న పంచె మీద ఎర్రచీర కట్టుకున్న హీరోయిన్ ఎలా మెరిసిందో చెప్పేటప్పుడు నాకే ఒళ్ళు జలదరించింది. మా అబ్బాయి కళ్ళు కూడా చెమర్చాయి. "సూపర్ నాన్నా" అన్నాడు.

వీడియో బాగా తిరిగింది. టీ కొట్టు దగ్గర కూడా "మిమ్మల్ని చూశామండీ" అనేవాళ్ళు. హనుమాన్ జంక్షన్లో బస్సు ఎక్కుతుంటే కండక్టరు "బల్బు సారు" అని పిలిచాడు.

అక్కది ఆగిరిపల్లి. బావ తోటలు కౌలుకి తీసుకుని కాయ ఎగుమతి చేస్తాడు. ముందు ఆయనే ఫోన్ చేశాడు. "ఏం బావమరిదీ, సైంటిస్టువైపోయావంట! మా పంపుసెట్టు ఆగిపోయింది, వచ్చి కాస్త చూసిపోరాదూ?" నవ్వుతూ ఫోన్ అక్కకి ఇచ్చాడు.

"చూశాన్రా. బాగా మాట్లాడావు" అంది అక్క. ఆ వెంటనే, "ఎర్రచీర కాదు, ఆకుపచ్చ" అంది.

"అవునా? ఎర్రదని గుర్తు."

"నువ్వెప్పుడు చూశావురా? నువ్వు బయట అద్దం పట్టుకుని ఉన్నావు కదా!"

కస్టమర్ వచ్చాడని చెప్పి ఫోన్ పెట్టేశాను. షాపులో ఎవరూ లేరు, అట్ట మనిషి తప్ప.

అక్క చెప్పింది నిజం. ఆ గది తలుపుకి చెక్క ఊడిన చోట చిన్న రంధ్రం ఉండేది. బయట ఎండలో ఒకరు అద్దం పట్టుకుని వెలుగుని ఆ రంధ్రంలోకి కొట్టాలి. లోపల పెట్టె, బల్బు, ఫిలిం, గోడకి పంచె. సూర్యుడు కదులుతూ ఉంటాడు కాబట్టి అద్దం పట్టిన వాడు కూడా కదుపుతూనే ఉండాలి. నేను చిన్నవాణ్ణి, ఎండకి ఓర్చేవాణ్ణి, అందుకని అద్దం ఎప్పుడూ నాదే. వీధిలో పిల్లలంతా లోపల, నేను ఒక్కణ్ణే బయట. అక్క లోపలి నుంచి అరిచేది. "కుడికి... కొంచెం పైకి... ఆఁ, కదలకు!" తర్వాత నా కోసం బొమ్మ గురించి చెప్పేది. "హీరోయిన్ వచ్చిందిరా, చెయ్యి ఇలా పెట్టింది, వెనకాల కొండ ఉంది." నేను కళ్ళు చికిలించుకుని తలుపు వైపు చూస్తూ ఆ బొమ్మని చూసేవాణ్ణి. అంటే వినేవాణ్ణి. వీడియోలో నేను చెప్పిన మెరుపంతా అక్క గొంతు. ఆ చీరకి రంగు చెప్పడం ఆమె మర్చిపోయి ఉంటుంది, నేనే ఎర్రరంగు వేసుకున్నాను.

నేను నిజంగా చేసింది ఫిలిం ముక్కలు ఏరుకు రావడం, అద్దం పట్టుకోవడం. ఆడపిల్ల హాలు వెనక్కి వెళ్ళకూడదు కాబట్టి ఆ ముక్కలు నేను తెచ్చేవాణ్ణి. జిగురు, బల్బు, తలకిందుల సంగతి, అన్నీ అక్క బుర్రలోవి.

ఒక్కసారి నేనూ చూడాలనుకున్నాను. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, అక్క లోపల ముక్కలు సర్దుతుంటే, అద్దాన్ని ఇటుకకి ఆనించి లోపలికి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి బొమ్మ పంచె అంచు దాకా జరిగిపోయింది. ఒక చెయ్యి, కొంచెం కొండ, చూస్తుండగానే అవీ అంచు దాటిపోయాయి. అంతే నేను చూసిన సినిమా. అమ్మ అన్నానికి పిలిచింది. అక్క ఫిలిం ముక్క తీసి జేబులో వేసుకుని, పెట్టెని ఎప్పటిలాగే గడ్డి మీదకి జరిపింది. అద్దం వెలుగు ఆగిపోయిందనే ఆమె అనుకుంది. ఆగదా మరి, నేను లోపల ఉన్నానంటే అద్దం దించేశాననేగా అర్థం! నేను దించలేదు. వెలుగు పక్కకి జరిగి రంధ్రంలోంచి వస్తూనే ఉంది, నీళ్ళ బల్బు దాన్ని ఒక చుక్కగా చేసి వరిగడ్డి మీద పెట్టింది. మేం పప్పన్నం తింటుండగా పొగ వాసన వచ్చింది.

గది మొత్తం కాలలేదు. నాన్న, పక్కింటివాళ్ళు బిందెలతో నీళ్ళు పోశారు. కానీ ఆ పక్క మాగేసిన రసాలు ఉడికిపోయాయి, మిగతావి తడిసి మచ్చలొచ్చాయి. ఆ ఏడాది మాకున్న కాయ అదే. నాన్న అక్కని కొట్టాడు. మిగిలిన పెట్టె చెక్కలు పొయ్యిలోకి పోయాయి. "ఆడపిల్లకి ఈ వేషాలేంటి" అని నాయనమ్మ అంది. అక్క నా వైపు చూసింది. అద్దం సంగతి ఆమెకి అప్పుడు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఆమె ఏ పెట్టెనూ చెయ్యలేదు.

ఫోన్ మాట్లాడిన వారానికి అక్క పంపే బుట్ట వచ్చింది. ప్రతి ఏడూ మొదటి రసాలు నాకు పంపుతుంది, గడ్డిలో మాగేసి, ఆ పూటే తినడానికి సిద్ధంగా. ఈసారి పచ్చికాయలు వచ్చాయి. గడ్డి కూడా లేదు, ఊరికే బుట్టలో పోసి పంపింది. మా ఆవిడ "ఇవెక్కడ మాగేసుకోవాలి మనం, అపార్టుమెంటులో?" అంది. నేను ఆ బుట్ట ముందు కూర్చుండిపోయాను. నువ్వే మాగేసుకో అంటోందా? నీకు గదిలోపలి సంగతులన్నీ తెలుసుగా అంటోందా? లేక పనిలో పడి తీరిక లేకపోయిందా? అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. కాయలు కాయల్లాగే ఉన్నాయి.

మా అబ్బాయికి అంతా చెప్పాను. వాడు ఫోన్ పక్కన పెట్టి విన్నాడు. తర్వాత, "మూతలు అచ్చయిపోయాయి నాన్నా" అన్నాడు. కాసేపటికి వాడి మొహం వెలిగింది. "అయితే అత్తకి సారీ చెప్పే వీడియో తీద్దాం. అది ఇంకా బాగా పోతుంది."

వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. వాడు తన పని తను చేస్తున్నాడు. నేనే ఇంతకాలం అక్క దగ్గరికి వెళ్ళకుండా, ఎవరికీ నిజం చెప్పకుండా కథ అమ్ముతూ కూర్చున్నాను. ఈ బొమ్మల లోకం మారిందని అందరితో వాపోయాను గానీ, లోపల ఏముందో చెప్పకుండా పైన బొమ్మ వేసి అమ్మడం నాకు కొత్తేమీ కాదు.

వాడి చేత వీడియో తీసేయించి, ఆదివారం ఇద్దరం ఆగిరిపల్లి వెళ్ళాం. తోటలో రేకుల షెడ్డు కింద కూలీలతో పాటు అక్క కూడా కూర్చుని పెట్టెల్లో పేపర్లు పరుస్తోంది. ఇప్పుడు చెక్కపెట్టెలు లేవు, అన్నీ ప్లాస్టిక్ ట్రేలు.

"వచ్చాడమ్మా సైంటిస్టు" అంది, తల ఎత్తకుండా. ఆడవాళ్ళు నవ్వారు.

"బుట్టలో పచ్చికాయలు పంపావేంటక్కా?"

"బస్సు వెళ్ళిపోతోందని కోసినవి కోసినట్టే పంపించేశారు మీ బావ. ఏం, మాగలేదా?"

అంతేనా, ఇంకేమైనా ఉందా అని ఆమె మొహంలో వెతికాను. నాకేమీ దొరకలేదు. పేపరు మడత పెట్టి ట్రే మూలకి నొక్కుతోంది, సందు లేకుండా, అప్పుడు పెట్టె సందులు మూసినట్టే.

మా అబ్బాయి చెయ్యి జేబులోకి వెళ్ళడం చూశాను. "ఫోన్ లోపలే ఉంచు" అన్నాను. వాడు ఉంచాడు.

అక్క ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆమె చేతిలో పేపరు ఆగింది.

"అక్కా, ఆ రోజు ఎండలో అద్దం దించకుండా లోపలికొచ్చింది నేను. గడ్డి అంటుకుంది నీ వల్ల కాదు. నాన్న కొడుతుంటే చెప్పలేదు. పెట్టె మొత్తం నువ్వు చేసింది, నేను చూసింది ఒక్క చెయ్యే. నాదని చెప్పుకున్నాను. వీడియో తీసేయించాను, మూతలు కూడా మార్పిస్తాం. అప్పటిదీ ఇప్పటిదీ రెండూ నా తప్పే. నన్ను క్షమించక్కా."