గండం తీయని చేప

2023 వేసవి. నరసరావుపేటలో నేను అక్వేరియం దుకాణం పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. చేపలు అమ్మడం కంటే, అమ్మిన చేపల్ని ఇళ్లకు వెళ్లి చూసుకోవడమే నా పనిలో ఎక్కువ భాగం. దాన్ని సర్వీస్ అంటాం. తొట్టి శుభ్రం చేయడం, ఫిల్టర్ చూడడం, జబ్బు చేస్తే మందు వేయడం. వినడానికి చిన్న పనే. కానీ ఒక గాజు తొట్టి గురించి ఒకే ఇంట్లో ఎన్ని అభిప్రాయాలుంటాయో అక్కడికి వెళితేనే తెలుస్తుంది.

ఆ ఇల్లు ఊరి చివర, వినుకొండ రోడ్డు వైపు. ఫోన్ చేసినావిడ అనూరాధ. ఆమె భర్త నాగేశ్వరరావు టిప్పర్లు తిప్పేవాడు, నా దగ్గరే చేపలు కొనేవాడు. ఆ ముందు చలికాలంలో గుండెపోటుతో పోయాడు.

"అన్నయ్యా, చేప అడుక్కి పడి ఉంటంది. మేత కూడా ముట్టట్లా. ఒక్కసారి వచ్చి చూడండి," అంది.

వెళ్లేసరికి తొట్టి నీళ్లు పలచటి టీ రంగులో ఉన్నాయి. లోపల ఒక్కటే చేప, ఆస్కార్. అరచేతి కంటే పెద్దగా పెరిగే చేప ఇది. రోజూ మేత వేసే మనిషిని గుర్తుపట్టి అద్దం దగ్గరికి వస్తుంది. ఇప్పుడు రెక్కలు ముడుచుకుని అడుగున ఒరిగి ఉంది. తల మీద సన్నటి గుంటలు. హోల్ ఇన్ ది హెడ్ అంటాం. నీళ్లు చాలాకాలం పాడై ఉంటే ఆస్కార్లకు తరచుగా వస్తుంది.

"నీళ్లు ఎప్పుడు మార్చారమ్మా?"

"మార్చలేదన్నయ్యా. ఆవిరైపోయినప్పుడు పైన కాసిని బోరు నీళ్లు పోశా, అంతే." "ఆయన పోసిన నీళ్లు. తియ్యబుద్ధి కాలా."

నా భార్య పోయి అప్పటికి ఏడాది దాటింది. దినం కాగానే బంధువులు మంచి ఉద్దేశంతోనే ఆమె బీరువా ఖాళీ చేశారు. అది తప్పని ఇప్పటికీ అనలేను. నాకు మాత్రం ఆ గదిలో చాలా రోజులు ఊపిరాడలేదు.

ఇంతలో అనూరాధ మరిది శీను వచ్చాడు. వస్తూనే లుంగీ ఎగ్గట్టాడు. "ఏంది బాబాయ్ ఇంత ఆలోచన? మొత్తం తోడి పారబోసి, సర్ఫేసి రుద్ది, బోరు నీళ్లు పట్టేస్తే సాయంత్రానికి అద్దంలాగా ఉండదూ?"

"తొట్టి అద్దంలాగే ఉంటది శీనూ. చేప ఉండదు."

చాలామంది చేసే పొరపాటు ఇదే. నీళ్లు నెలల తరబడి మెల్లగా పాడవుతుంటే చేప కూడా మెల్లగా వాటికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా కొత్త నీళ్లు పోస్తే ఆ మార్పును తట్టుకోలేదు. ఫిల్టర్‌లో ఉండే స్పాంజ్‌ను కుళాయి కింద పిండకూడదు. చేప విసర్జించే అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే దాన్ని కడగాలి. రోజుకు కొంచెం పాత నీరు తీసి, అంతే కొత్త నీరు పోయాలి. ఇదంతా శీనుకు చెప్పాను.

"మనుషులకే ఇన్ని సేవలు లేవు. దీన్ని తీసకపోయి సాగర్ కాలవలో వదిలితే పీడా పోయె," అన్నాడు.

అదీ కుదరదన్నాను. ఇది మన నీళ్లలో పుట్టిన చేప కాదు. బతికితే కాలవలో చిన్న చేపల్ని తినేస్తుంది.

అప్పటిదాకా మంచం మీద కూర్చుని వింటున్న పెద్దావిడ నోరు విప్పింది. కోటమ్మ, నాగేశ్వరరావు తల్లి.

"వదలండి, చంపండి, ఏదోటి చెయ్యండి. అది మాత్రం నా కళ్ల ముందు ఉండటానికి ఈల్లేదు."

"అత్తయ్యా, అదేం చేసింది?" అంది అనూరాధ.

"ఏం చెయ్యలేదనేగదే నా బాధ!"

మా ప్రాంతంలో అక్వేరియం పెట్టుకున్న ఇళ్లలో ఒక మాట ఉంది. చేప చచ్చిపోతే, ఇంటి మీదికొచ్చిన గండం అది తీసుకుపోయిందంటారు. బాధపడరు. దిష్టి పోయిందనుకుని ఇంకో చేప తెచ్చి వేస్తారు. నాగేశ్వరరావు టిప్పర్ ఒకసారి మాచర్ల దారిలో బోల్తా పడి, అతను గీత కూడా పడకుండా బయటపడ్డాడు. అదే వారం తొట్టిలో గోల్డ్ ఫిష్ చచ్చిపోయింది. ఆ రోజు నుంచి కోటమ్మకు ఆ తొట్టి మీద గట్టి గురి.

"ఆ ఎర్ర చేప నా కొడుకుని కాపాడింది," అంది నాతో. "దీన్నేమో మూడు పూటలా మేపాడు. వాడు పోయేటప్పుడు ఇది చావలేదేంది? నువ్వు చేపలోడివి గదా, చెప్పు అబ్బాయ్."

ఇలాంటి చోట నవ్వి తప్పించుకోవడం మా పనిలో మామూలే. ఆమె ముఖం చూశాక ఆ దారి లేదనిపించింది.

"పెద్దమ్మా, చేప ఎవరి గండమూ తియ్యదు. గోల్డ్ ఫిష్ చచ్చిపోయింది నీళ్లు బాగాలేక. ఇది ఇన్నాళ్లు బతికింది మొండిది కాబట్టి."

"అయితే లారీ పడ్డప్పుడు వాడెట్టా బతికాడు?"

"నాకు తెలియదు."

"మొన్న ఎందుకు పోయాడు?"

"అదీ తెలియదు పెద్దమ్మా. మా ఇంట్లో మనిషి ఎందుకు పోయిందో కూడా నాకు తెలియదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి తొట్టి దగ్గరికి వచ్చి, చీర చెంగుతో అద్దం మీది దుమ్ము తుడిచి లోపలికి చూసింది.

"తలకాయంతా చిల్లులు పడ్డయ్యేందిరా దీనికి?"

"నీళ్ల వల్లే. మెల్లగా మానతాయి. మానకపోనూవచ్చు."

"మానితే ఎన్నాళ్లు బతుకుద్ది?"

"బాగా చూసుకుంటే ఏళ్ల తరబడి."

"నన్ను కూడా సాగనంపుద్దన్నమాట," అంది. శీను నవ్వు ఆపుకోలేకపోయాడు. అనూరాధ కూడా తల తిప్పుకుని నవ్వింది.

ఆ రోజు నాలుగో వంతు కంటే తక్కువ నీళ్లే తీశాను. ఆ నీళ్లు మురుగుకాలవలో పొయ్యొద్దని, వాకిట్లో మందార చెట్టుకు పొయ్యమని అనూరాధకు చెప్పాను. మొక్కలకు మంచిదన్న సంగతి నిజమే, కానీ నేనలా చెప్పింది అందుకొక్కదానికే కాదు. ఆమె బకెట్ నా చేతిలోంచి తీసుకుని తనే తీసుకెళ్లింది. పట్టిన బోరు నీళ్లను ఒక రాత్రి ఉంచి పోయమన్నాను. కోటమ్మ ఆ పని తన మీద వేసుకుంది. కోపం పోయిందని కాదు. "కోడలు పిల్ల బకెట్ నిండా పోస్తది, దానికి కొలత తెలియదు," అంది.

కొన్నాళ్లకు పెద్దావిడే ఫోన్ చేసింది.

"ఒరేయ్ అబ్బాయ్, అది లేచింది. నేను అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు తిరుగుతంది. నన్నే చూస్తంది."

"ఆకలై చూస్తది పెద్దమ్మా. మేత ఎక్కువ వెయ్యమాక."

"ఆ మాత్రం నాకు తెలియదా? అయినా చూస్తంది గదా," అని పెట్టేసింది.

తలమీది గుంటలు పూర్తిగా పూడలేదు. చేప మాత్రం బతికింది.

అప్పటిదాకా నీళ్లు, మేత, ఫిల్టర్ సరిగ్గా ఉంటే నా పని అయిపోయినట్టే అనుకునేవాణ్ణి. చేపను బతికించడానికి అవి చాలు. కానీ దాన్ని ఇంట్లో బతకనివ్వాల్సింది మనుషులు. వాళ్లలో ఒకరు దాని మీద తన బిడ్డ ప్రాణభారం మోపి ఉండవచ్చు, ఇంకొకరు దాని నీళ్లలో పోయిన మనిషిని దాచుకుని ఉండవచ్చు. నిర్లక్ష్యం అని మనం పేరు పెట్టేదంతా నిర్లక్ష్యం కాదు. ఇప్పుడు ఏ ఇంటికి సర్వీస్‌కు వెళ్లినా, నీటిని పరీక్షించే టెస్ట్ కిట్ బయటికి తీసే ముందు ఒక మాట అడుగుతున్నాను: "ఈ చేపను ఎవరు తెచ్చారు?"