గోడంత తెర, గుప్పెడు బొమ్మ

తిరుత్తణి బజారులో పట్టుచీరల కొట్టు నడిపే తిరుమలయ్య, తాను ఇచ్చిన ప్రతిదానిమీదా పేరు రాయించుకున్న మనిషి. వీధి చివరి వినాయకుడి గుడికి ఆయన ఉభయంగా, అంటే గుడి కానుకగా, ఇచ్చిన ట్యూబులైటు మీద నల్లటి అక్షరాలు ఎంత ధారాళంగా పరుచుకున్నాయంటే, వెలుగు వాటి సందుల్లోంచి అనుమతి అడిగి బయటికి రావలసి వచ్చేది. దాత కనబడాలి, దానం కనబడకపోయినా ధర్మానికి లోటు లేదని ఆయన సిద్ధాంతం.

ఎదురుగా ఉన్న చీరల కొట్టు బావమరిది మునిరాజ్‌ది. ఏటా ఆడికృత్తిక పండగకు కొండమీది స్వామికి కావళ్ళు మోసుకొచ్చే జనం ఆ కొట్టు వెడల్పాటి మెట్లమీద కూర్చుని, లేచేటప్పుడు లోపలికే వెళ్ళేవారు. ఈసారి వాళ్ళను తన గుమ్మం తొక్కించాలని తిరుమలయ్య పంతం. అందుకే పన్నెండడుగుల తెర కొన్నాడు.

ఆ తెరమీద ఏం ఆడించాలో కొట్టు కంప్యూటర్లు చూసుకునే తమ్ముడి కూతురు జనని చూపించింది. ఆమె లాప్‌టాప్‌ను కాసేపు ముట్టకుండా వదలగానే దాని తెరమీద నెమలి పింఛంలాంటిదేదో పొగై, పొగ జరీ అంచులా విచ్చుకుంది.

"దీన్ని ఒకరు గీసేది కాదు పెదనాయనా. లోకంలో వేలమంది కంప్యూటర్లు పని లేనప్పుడు తలా ఒక ముక్క గీసి పంపిస్తాయి. అన్నీ చేరిస్తే ఈ వీడియో. ఎంత పంపినా అందరికీ ఒకే బొమ్మ."

ఆయన చెవికి 'పంపిస్తాయి' ఒక్కటే ఎక్కింది. బిల్లులు కొట్టే నాలుగు కంప్యూటర్లనూ ఆ సేవలో పెట్టించాడు. రెండు నెలల తర్వాత బొమ్మను తెరకెక్కిస్తే, రంగు దిగిన చీరను తడిపి ఆరేసినట్టు కనిపించింది.

"ఏమ్మా, ఇంత మసగ్గా ఉండాదే?"

"బొమ్మ వెడల్పు ఎనిమిది వందల పిక్సెళ్ళే. దాన్ని మనం గోడంత సాగదీసినాము."

"మనం ఇంత చేసినాము గదా. మనకు మొదటి మర్యాద ఉండాల. పెద్దది పంపమని రాయి."

గుడిలో ఎక్కువ ఇచ్చినవాడి తలకు స్వామివారి పట్టుగుడ్డ, పరివట్టం, కడతారు కనుక లోకమంతా అదే కొలతతో నడుస్తుందని ఆయన నిశ్చయం. జనని ఆ బొమ్మను నడిపేవాళ్ళకు రాసింది. జవాబు మర్యాదగానే వచ్చింది: బొమ్మ పెంచితే నెమ్మదైన యంత్రాలు తమ ముక్కను పూర్తిచేయలేవు; అందుకే ఈ హద్దు, అందరికీ ఒకటే.

"అంటే యాడో ఒకడి పాత డబ్బా కోసం నా గోడ మసకబారాల్నా?"

"ఆ పాత డబ్బాల్లో మనవి నాలుగుండాయి పెదనాయనా."

సమత్వం గురించి ఎన్ని గ్రంథాలు చదివినా కలగని బాధ ఆయనకు ఆ ఒక్క మాటతో కలిగింది.

"దూరంగా నిలబడి చూస్తే బాగుంటాది" అని జనని ఓదార్చింది. ఆ సలహా నచ్చింది. తెరను వీధి ముఖంగా బిగించాడు. అంత చోటు కొట్టు పేరు రాసిన బోర్డు దగ్గరే ఉండటంతో, జీవితంలో మొదటిసారి తన పేరును తానే దింపించాడు.

ఆడికృత్తిక నాడు కావళ్ళు ఆగాయి. గుమ్మం ముందు అంతా మసకే. జనం ఒకడుగు వెనక్కి వేశారు, ఇంకొకటి వేశారు, చివరికి మునిరాజ్ మెట్లెక్కారు. అక్కడినుంచి చూస్తే బొమ్మ అద్దంలా తేటగా ఉంది. మునిరాజ్ కుర్చీలు వేయించి, మజ్జిగ కుండ పెట్టించాడు.

మధ్యాహ్నానికి తిరుమలయ్య తన ఖాళీ కొట్టు వదిలి వీధి దాటాడు.

"కూర్చో బావా. ఈడ్నించి నీ బొమ్మ శానా బాగుండాది."

కూర్చున్నాడు. నిజమే, బాగుంది. పక్కనున్న ముసలామె గ్లాసు దించి మునిరాజ్ వైపు తిరిగింది.

"మాకు కనబడేట్టు ఎదురుగా టీవీ గూడా పెట్టించినావు. నువ్వు సల్లగా ఉండాల నాయనా."

తిరుమలయ్య నోరు తెరిచాడు. కూర్చున్నది ఎవరి కుర్చీలోనో, చేతిలో ఉన్నది ఎవరి మజ్జిగో గుర్తొచ్చింది.

"అంతా ఆ స్వామి దయ అవ్వా" అన్నాడు మునిరాజ్.

ఆమె లేచి, చీరలు చూడటానికి లోపలికి వెళ్ళింది. తిరుమలయ్య మజ్జిగ తాగాడు.