వదినగారి తలనీలాలు

మా వదినగారు పోయారన్న కబురు అన్నయ్యగారే వచ్చి చెప్పారు. చెప్పారనడం కూడా సరికాదు. పొద్దున్నే దీపం పెట్టి విష్ణు సహస్రనామం చదువుకుంటుంటే వీధి గుమ్మంలో అలికిడయింది. వెళ్ళి చూస్తే అన్నయ్యగారు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. "అమ్మాయికి ఫోన్ చెయ్యాలమ్మా. నువ్వు చెయ్యి. నా వల్ల కాదు" అన్నారు. అంతే, నాకు అర్థమైంది.

వదినగారంటే మా వారి అక్కగారు, అన్నయ్యగారు ఆవిడ భర్త. మామిడికుదురు దగ్గర మా ఊళ్ళో, మా వీధిలోనే నాలుగిళ్ళ అవతల వాళ్ళ కాపురం. అమ్మాయంటే ఆవిడ ఒక్కగానొక్క కూతురు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మస్కట్‌లో ఉంటోంది. అల్లుడు అక్కడ ఏసీలు బాగుచేసే కంపెనీలో పని చేస్తాడు.

ఫోన్ కలిసింది. "అత్తయ్యా" అంది. "అమ్మ పోయిందమ్మా" అని ఒక్క ముక్కలో చెప్పేశాను. తల్లి జబ్బు సంగతి ఆ పిల్లకి మాలో ఎవరూ ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పింది లేదు. ఆరోజే మొదలు. అవతల ఆ పిల్ల "ఆయ్" అంది, నెమ్మదిగా.

ఎందుకు చెప్పలేదో చెప్పాలంటే మా వదినగారి గురించి చెప్పాలి.

ఆవిడది పెద్ద గొంతు. నాది చిన్న గొంతు. "నువ్వు మాట్లాడితే ఒళ్ళో పడుకున్న పిల్లి కూడా లేవదే అమ్మాయ్" అని నన్ను ఏడిపించేవారు. ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళ బిందె మీద మూత ఉందో లేదో చూసేవారు. లేకపోతే ఇల్లుగలావిడని అడక్కుండా తనే మూత పెట్టేసి అప్పుడు కూర్చునేవారు. ఇక ఆ జుట్టు. శనివారం తలంటుకుని అరుగు మీద కూర్చుంటే కుంకుళ్ళ వాసన మా ఇంటిదాకా వచ్చేది. చిక్కు తీయడానికి నన్ను పిలిచేవారు. నేను నిలబడి దువ్వాల్సిందే, కూర్చుంటే కొసలు అందేవి కావు.

ఆవిడకి కుడి రొమ్ములో గడ్డ లేచింది. విశాఖపట్నం తీసుకెళ్తే ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. ఆ తర్వాత ఇంజక్షన్లు, కరెంటు పెట్టడం, అదే రేడియేషన్. మా వైపు ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు, పెద్ద జబ్బు అంటారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి అడిగితే, "క్యాన్సరండి. పేరు పెట్టి పిలిచినంత మాత్రాన పలుకుతుందా ఏవిటి" అనేవారు ఆవిడ.

అంత ధైర్యంగా ఊరందరికీ చెప్పిన మనిషి కూతురికి మాత్రం చెప్పలేదు. అమ్మాయికి అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మళ్ళీ నెల తప్పింది. మాయ కిందికి ఉందని, మంచం దిగొద్దని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. ఆ స్థితిలో ఆ పిల్లకి ఈ మాట ఎలా చెబుతారు? గర్భసంచి ఆపరేషన్ అని చెప్పారు. మా వైపు అది చాలామందికి జరిగేదే కాబట్టి అమ్మాయి నమ్మింది.

మా ఇళ్ళల్లో తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అమ్మాయి విమానం ఎక్కే వీల్లేదు. "అది పుట్టింటికి రాలేకపోతే పుట్టిల్లే దాని దగ్గరికి వెళ్తుంది" అన్నారు వదినగారు. అప్పటికి ఇంజక్షన్లు అయి, కరెంటు పెట్టడం అప్పుడే అయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరుగారి దగ్గరికి ఆవిడతో నేనూ వెళ్ళాను.

"ఇంకో ఆర్నెల్లు ఆగమ్మా" అన్నారాయన.

"కడుపు ఆగదు కదండీ డాక్టరుగారూ!"

ఆయన నవ్వలేదు. కుడి చేత్తో బరువు ఎత్తకూడదని, ఆ చేతికి సూది గుచ్చనివ్వకూడదని, విమానంలో చెయ్యి వాస్తుందని, మధ్యమధ్య లేచి నడవాలని చెప్పారు. ఆవిడ అన్నింటికీ "ఆయ్, అలాగేనండి" అన్నారు. బయటికి వచ్చాక నేను ఏడుస్తుంటే, "భయపడ్డం పని చేసుకుంటూ కూడా భయపడొచ్చే. పద, సొంఠి కొనాలి" అన్నారు.

సొంఠి, మిరియాలు, వెల్లుల్లి, బెల్లం. బాలింతకి పెట్టే కాయం చేశాం. ఇంజక్షన్ల వల్ల ఆవిడకి వంట వాసన పడేది కాదు. కాయం పాకానికి వచ్చేటప్పుడు వెల్లుల్లి వాసనకి పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకుని, మూతి కడుక్కుని వచ్చి మళ్ళీ గరిటె పట్టుకున్నారు. నన్ను తిప్పనివ్వలేదు. సున్నిపిండి, ఆముదం, పాత నేత చీరలు చింపిన మెత్తటి గుడ్డలు, అన్నీ పెట్టెలో సర్దాం.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. "జుట్టుకి ఏం చెప్తారండీ?"

ఇంజక్షన్లకి మొత్తం ఊడిపోయింది కదా. అప్పటికి అంగుళం కూడా రాలేదు. తలకి ఎప్పుడూ చీర చెంగు కప్పుకుని ఉండేవారు.

"అప్పనపల్లి స్వామికి తల ఇచ్చేనని చెప్తాను. దాని కాన్పు కోసం మొక్కుకున్నాననుకుంటుంది" అన్నారు.

గర్భసంచి అన్నారు, సరే. కానీ స్వామి పేరు మీద ఇవ్వనిది ఇచ్చామని చెప్పడమా? "వద్దు వదినగారూ, ఆయన పేరు ఎత్తొద్దండి" అన్నాను.

"ఆయనకి కోపం వస్తే నేను సర్దిచెప్పుకుంటాన్లే. మధ్యలో నువ్వు రాకు" అన్నారు.

ఆ రాత్రి ఫోన్‌లో ఆ మాట చెప్పనే చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. "అంత జుట్టూ నా కోసం ఇచ్చేసేవా అమ్మా?" అని ఆ పిల్ల ఏడవడం నాకూ వినిపించింది. వదినగారు ఫోన్ పెట్టేసి బిందె మీద ఉన్న మూత తీసి, మళ్ళీ పెట్టారు.

హైదరాబాదు విమానాశ్రయం దాకా నేనూ అన్నయ్యగారూ వెళ్ళాం. గాజు తలుపు లోపలికి వెళ్తూ ఎడం చెయ్యి ఊపారు. ఆ తర్వాతి సంగతులన్నీ ఆవిడ తిరిగి వచ్చాక చెప్పినవే.

పాస్‌పోర్టు చూసే ఆయన ఫోటోలో ఉన్న జుట్టునీ, ఎదురుగా ఉన్న మనిషినీ మార్చి మార్చి చూశాడట. "ఇది మీరేనా?" అన్నాడట. చెంగు వెనక్కి జరిపి, "మేవేనండి. అప్పనపల్లి స్వామికి తల ఇచ్చేనండి" అన్నారట ఈవిడ. ఆయన కుర్చీలోంచి కొంచెం లేచి చేతులు జోడించి, "మా ఆవిడకి ఒంట్లో బాగోలేదమ్మా. ఈసారి స్వామి దగ్గరికి వెళ్ళినప్పుడు మా గురించి కూడా ఒక్క దండం పెట్టండి" అని ముద్ర వేసి ఇచ్చాడట.

"మన పిల్లతో అబద్ధం ఆడింది ఒకెత్తే అమ్మాయ్. ముక్కూ మొహం తెలీని మనిషి నమ్మి దండం పెట్టేడు. విమానంలో కూర్చున్నంతసేపూ అదే. ఈ మాట నేను నిజం చెయ్యాల్సిందే. జుట్టు రావాలి, అది వచ్చేదాకా నేనుండాలి" అన్నారు నాతో. ఆవిడ భయపడగా నేను చూసింది అప్పుడే.

మస్కట్‌లో దిగాక కాయం డబ్బా తెరిపించారట. ఇదేంటని అడిగితే ఈవిడకి వచ్చిన ఇంగ్లీషులో "బేబీ, మదర్, తినడం" అని చేతులతో చూపించారట. ఆ అధికారి మూత తీసి వాసన చూసి, వెంటనే మూసేసి, వెళ్ళమని చెయ్యి ఊపాడట. "మిరియాల ఘాటు ఏ దేశమోడికైనా ఒకటేనే" అని చెప్పి చెప్పి నవ్వేవారు.

ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయాలి కదా. కుడి చెయ్యి పైకి లేచేది కాదు, సాయంత్రానికి వాచిపోయేది. మొదటిరోజు చెంబు కుడివైపు ఉంది. ఎడం చేత్తో అటు తిరిగి తీసుకోబోతే చెంబు జారి పడింది. "చెయ్యి బెణికిందే" అన్నారట కూతురితో. తర్వాతి రోజు నుంచి ఈవిడ వెళ్ళేసరికి బకెట్టూ, చెంబూ, సున్నిపిండీ అన్నీ ఎడంవైపు సర్ది ఉండేవట. ఈవిడ చెయ్యి కింద పెట్టుకోవడానికి ఒక దిండు కూడా.

"దానికి తెలిసిపోయిందే. అది అడగలేదు, నేను చెప్పలేదు. ఉన్నన్నాళ్ళూ ఇద్దరం పాప గురించే మాట్లాడుకున్నాం" అన్నారు.

తిరిగొచ్చాక జుట్టు వచ్చింది. వెనకటిలా కాదు, ఉంగరాలు ఉంగరాలుగా, సగం తెల్లగా. శనివారం మళ్ళీ కుంకుళ్ళు నానబోసేవారు. ఆముదం రాసేవారు. "ఈ వయసులో ఏంటమ్మా ఈ సోకు" అని ఊళ్ళో ఆడవాళ్ళు వేళాకోళం చేస్తే, "మొగుడింకా చూస్తున్నాడండి" అనేవారు. ఎవరి కోసం పెంచుతున్నారో నాకు ఒక్కదానికే తెలుసు. పాపకి మూడో ఏట పుట్టువెంట్రుకలు తీయించడానికి అమ్మాయి వస్తుంది, అప్పుడు అప్పనపల్లిలోనే పక్కన కూర్చుని తనదీ ఇచ్చేయాలని అనుకున్నారు. నేను రోజూ దీపం దగ్గర అదే అడిగేదాన్ని.

అమ్మాయి టిక్కెట్లు తీసుకుందని తెలిసిన రోజుల్లోనే వదినగారికి నడుం నొప్పి మొదలైంది. విశాఖపట్నంలో ఫోటోలు తీసి, జబ్బు ఎముకలోకి వచ్చిందన్నారు. సోమవారం నుంచే ఇంజక్షన్లు మొదలుపెడదామన్నారు. మొదలుపెడితే పాప వచ్చేసరికి ఆ జుట్టు ఉండదు.

"అమ్మాయి వచ్చేదాకా ఆగండి డాక్టరుగారూ" అన్నారు వదినగారు.

నాకు చిన్న గొంతని చెప్పాను కదా. ఆరోజు ఆసుపత్రి వరండాలో నేను గట్టిగా మాట్లాడాను. "స్వామి అంత పట్టింపు మనిషి కాదండి. ముందు మందు వేయించుకోండి. ఆయనకి నేను చెప్పుకుంటాను" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "అప్పుడు ఆయన పేరు ఎత్తొద్దన్నావు. ఇప్పుడు ఎగ్గొట్టినా పర్లేదంటున్నావు. నీ దేవుడు పూటకో మాట మీద ఉంటాడేవిటే?" అన్నారు. ఆ జుట్టుని జబ్బు ఎత్తుకుపోతే మళ్ళీ వస్తుందో రాదో, వచ్చినా తనుంటారో లేదో అని ఆవిడ లెక్క. ఆ లెక్క తప్పని నేను అనలేకపోయాను. నాలుగు వారాలు ఆగితే పెద్ద తేడా రాదని డాక్టరుగారు అన్నారు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. ఈరోజుకీ దీపం ముందు కూర్చుంటే ఆ నాలుగు వారాలే ముందుకొస్తాయి. ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండాల్సిందా, లేదా ఆవిడని ఆవిడ దారిన వెళ్ళనివ్వడమే మంచిదయిందా, తేల్చుకోలేకుండా ఉన్నాను.

అందరం అప్పనపల్లి వెళ్ళాం. కత్తి చూడగానే పాప కెవ్వుమంది. తాతగారి ఒళ్ళో నిలవలేదు. వదినగారు ముందుకొచ్చి పీట మీద కూర్చుని, "ముందు నాది తియ్యి నాయనా. అది చూస్తుంది" అన్నారు.

"నీకెందుకమ్మా ఇప్పుడు? అప్పుడిచ్చేవు కదా" అంది అమ్మాయి.

"అప్పుడు నీకోసం. ఇప్పుడు దీనికోసం" అన్నారు వదినగారు. ఆ మాట అంటూ నావైపు చూశారు. అమ్మాయి వెనక నిలబడి తల్లి చెంగు జారకుండా పట్టుకుంది. తడిపిన ఉంగరాలు ఒకటొకటే కింద పడుతుంటే వదినగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి. తన పేరూ, కూతురి పేరూ చెప్పుకున్నాక, పేరు తెలియని ఆ పాస్‌పోర్టు ఆయన గురించీ, వాళ్ళావిడ గురించీ చెప్పుకున్నానని తర్వాత నాతో అన్నారు.

పాప ఏడుపు ఆపి చూస్తూ ఉండిపోయింది. తర్వాత తనే వెళ్ళి తాతగారి ఒళ్ళో కూర్చుంది.

అప్పనపల్లి నుంచి వచ్చిన మర్నాడే మందు మొదలైంది. ఏడాది తిరక్కుండానే ఆవిడ వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ జుట్టు రాలేదు. నిన్న సాయంత్రం అమ్మాయి దిగింది. పాపకి జడలు వేసే అంత జుట్టుంది. ఆ పిల్ల వస్తూనే అమ్మమ్మ ఎక్కడని అడిగింది.

నాకు మాత్రం ఆవిడని తలుచుకుంటే మంచంలో ఉన్న మనిషి కనపడరు. ఆరోజు అప్పనపల్లిలో దర్శనం అయ్యాక వైనతేయ నది రేవు మెట్ల మీద కూర్చున్నాం. ఇద్దరి తలలకీ గంధం పూసి ఉంది. ఎండకి అది ఆరి తెల్లగా పెచ్చులు కడుతోంది. పాప తన తల తడుముకుని, లేచి అమ్మమ్మ తల తడమబోయింది. అందలేదు. మళ్ళీ తనది తడుముకుంది, మళ్ళీ చెయ్యి చాపింది. వదినగారు నడుం పట్టుకుని నెమ్మదిగా లేచి, ఆ చేతికి అందేలా ఒక మెట్టు కిందికి దిగి కూర్చున్నారు.