నాయుడుపేట భాగస్తుడు

నాయుడుపేట బజారులో దరియావలి కుట్టుమిషను పెట్టుకున్న వసారాలో మిషను పోగా ముగ్గురు కూర్చోవచ్చు. నాలుగోవాడు వస్తే కాళ్ళు వీధిలో పెట్టుకోవాలి. అయినా సాయంత్రమయ్యేసరికి అక్కడ కొలువు తీరేది. చర్చి వాళ్ళ బడిలో పంతులు సంజీవరావు ఒకరు, ఎదురుగా బియ్యం కొట్టున్న చెంచురామయ్య శెట్టి ఒకరు. మద్రాసు రైల్లో దిగిన పేపరు సంజీవరావు పైకి చదివేవాడు. చెంచురామయ్య దానికి తనకు తోచిన అర్థం చెప్పేవాడు. దరియావలి కాలు ఆడిస్తూనే ఇద్దరినీ వినేవాడు.

మామూలు దర్జీకొట్టు కబుర్లయితే ఇంత చెప్పుకునే పని లేదు. ఈ ముగ్గురూ ఒక బ్యాంకుకు యజమానులు. నవ్వకండి, నిజమే. మద్రాసులో హెడ్డాఫీసున్న ఒక పెద్ద బ్యాంకులో ముగ్గురికీ తలా కాసిని షేర్లున్నాయి. ఆ బ్యాంకు మొత్తం ఒక ఏనుగైతే వీళ్ళ ముగ్గురి వాటా దాని తోకలో ఒక వెంట్రుక కూడా కాదు. అయితేనేం, "మన బ్యాంకి" అనేవాళ్ళు. పేపర్లో దాని పేరు కనిపిస్తే చాలు, సొంత బావమరిది పేరు అచ్చయినంత సంబరపడేవాళ్ళు.

ఆ షేర్లు కొన్నది యాభై ఎనిమిదిలో. బజారులో ఆ బ్యాంకు కొత్తగా శాఖ తెరిచింది. ఏజెంటు ఊళ్ళో నలుగురినీ కూర్చోబెట్టి షేర్ల సంగతి చెప్పాడు. చెంచురామయ్య పదిమందిలో గొప్పకి కొన్నాడు. సంజీవరావు చదువుకున్నవాడు గనక కొన్నాడు. దరియావలి మాత్రం రెండు చెవులూ మూసుకున్నాడు.

"వడ్డీ డబ్బు నాకు హరాము అయ్యోరూ. ఆ కూడు నాకొద్దు" అన్నాడు.

"వడ్డీ కాదు వలీ. లాభమొస్తే పంచుతారు, రాకపోతే లేదు. మునిగితే నీదీ మునుగుతుంది. నువ్వు అప్పిచ్చినోడివి కాదు, భాగస్తుడివి" అన్నాడు సంజీవరావు.

భాగస్తుడనే మాట దరియావలి మనసులో నాటుకుపోయింది. ఆ శుక్రవారం పనిగట్టుకుని గూడూరు వెళ్ళి నమాజు తర్వాత మౌల్వీ సాహెబును అడిగాడు. ఆ ముసలాయన చాలాసేపు గడ్డం నిమురుకుని, "నష్టంలో కూడా నిలబడతావా?" అన్నాడు. నిలబడతానన్నాడు దరియావలి. "అయితే నీ నియ్యతు, నీ మనసులో ఉన్నది, అల్లాకి తెలుస్తుంది" అని ఆయన లేచి పోయాడు. అందులో అవుననీ లేదు, కాదనీ లేదు. దరియావలి మాత్రం దాన్ని అవునని మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇంతకీ కొనడానికి డబ్బేదీ? దర్జీకి వచ్చింది వచ్చినట్టు నోట్లోకే పోతుంది. మర్నాడు సంజీవరావుతో ఆ సంగతే గొణుగుతుంటే, వసారాకీ ఇంటికీ మధ్య వేలాడే పరదా వెనక దగ్గు వినిపించింది. పరాయి మగవాళ్ళు కూర్చుని ఉండగా అతని భార్య సుల్తాన్‌బీ గొంతెత్తి పిలిచేది కాదు. దగ్గేది. అంటే లోపలికి రమ్మని. దరియావలి లేచి వెళ్ళాడు.

సుల్తాన్‌బీ కాజాలు కుట్టేది. మొగుడి చొక్కాలకే కాదు, బజారులో ఇంకో ఇద్దరు దర్జీల చొక్కాలకు కూడా. చొక్కా చిరిగి మసిగుడ్డ అయ్యాక కూడా సుల్తాన్‌బీ కాజా చెక్కుచెదరదని ఊళ్ళో పేరు. పగలు ఇంటి చాకిరీ, దీపాలు పెట్టాక కాజాలు. ఏకైక కూతురు జమాల్‌బీని వాకాడులో ఇచ్చిన తర్వాత అలా కుట్టి దాచిందంతా ఒక గుడ్డసంచిలో వేసి ఉంచింది. ఆ సంచి అతని చేతిలో పెట్టింది.

"ఇది హజ్‌కి. ఇద్దరం పోవాల. కాబాని కళ్ళారా చూడాల. పెంచుతావో దాస్తావో నీ ఇష్టం, దీన్ని మాత్రం మైల పడనీయబాక" అంది.

దరియావలి సంచి కళ్ళకద్దుకున్నాడు. షేర్లు అలా వచ్చాయి.

ఆ తర్వాత పదేళ్ళలో ఈ దేశం మీద ఎన్ని పిడుగులు పడ్డాయో, ఆ వసారాలో అన్నిసార్లు గుండెలు దడదడలాడాయి. కేరళలో ఒక బ్యాంకు మూతపడిందని పేపర్లో వచ్చినప్పుడు చెంచురామయ్య అన్నం మానేశాడు. చైనా యుద్ధమప్పుడు, ఢిల్లీలో ప్రధాని పోయినప్పుడు, రూపాయి విలువ తగ్గించినప్పుడు, ప్రతిసారీ అదే పాట. "అమ్మేద్దామా సాయిబూ?" అనేవాడు. "నిలబడతానని మాటిచ్చినా శెట్టిగారూ" అనేవాడు దరియావలి. "ఎవరికయ్యా ఇచ్చింది? బ్యాంకోళ్ళకి నీ పేరన్నా తెలుసునా?" అని చెంచురామయ్య వెక్కిరించేవాడు. తీరా నెల తిరిగేసరికి ధర మళ్ళీ లేచేది. దరియావలి మాటకి విలువ పెరిగేది. చుట్టుపక్కల షేర్లున్న వాళ్ళు కూడా చొక్కా కొలతలిచ్చే వంకన వచ్చి, "నువ్వేమంటావు సాయిబూ?" అని అడిగి పోయేవాళ్ళు. మిషను తొక్కుకునే మనిషికి అంతకంటే ఏం కావాలి? కొంచెం మత్తెక్కింది పాపం. లాభంలో వచ్చిన వాటా ఒక్క పైసా ఇంట్లో వాడకుండా హజ్ కోసమే దాచాడు. ఆ సంగతి మాత్రం మెచ్చుకోవాలి.

అరవై తొమ్మిది వేసవిలో సుల్తాన్‌బీ సూదిలో దారం ఎక్కించలేకపోయింది. చత్వారమే అనుకున్నారు. తర్వాత పక్కనుంచి వచ్చే మనుషులు కనబడడం మానేశారు. నెల్లూరు తీసుకుపోతే డాక్టరమ్మ చాలాసేపు చూసి నీటికాసులంది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎంతకాలముంటుందో చెప్పలేననీ అంది. సుల్తాన్‌బీ, తిరిగొచ్చే బస్సు మనుబోలు దాటాక, "ఈ ఏడే పోదామయ్యా. నాకు ఆ ఒక్కటీ చూపించు. తర్వాత పోతే పోనీ" అంది.

ఈ ఏడే పోదామన్నాడు దరియావలి. రంజానులోగా షేర్లు అమ్మి బొంబాయిలో హజ్ ఓడ టిక్కెట్టుకు డబ్బు కట్టాలనుకున్నాడు.

కానీ ఆ ఏడు దేశం కుదురుగా ఉంటేగా! ఎండాకాలంలో రాష్ట్రపతి పోయాడు. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో తేలక కాంగ్రెసు వాళ్ళు జుట్లు పట్టుకున్నారు. ఇటు తెలంగాణలో గొడవలు. జూలై వచ్చేసరికి పేపరు నిండా బ్యాంకులే. సర్కారు తీసేసుకుంటుందని ఒకరు, అబ్బే, బెదిరింపేనని ఒకరు. ధర కొద్దికొద్దిగా జారడం మొదలెట్టింది. ఒక సాయంత్రం చెంచురామయ్య వసారా మెట్టెక్కకుండానే మొదలుపెట్టాడు.

"రేపు మద్రాసు పోతా ఉండా సాయిబూ. బ్రోకరుతో మాట్లాడినా. నావన్నీ అమ్మేస్తా. నీవి కూడా సంతకం పెట్టి ఇయ్యి. ఇంకా ధర మరీ పడలా."

"కొనేదెవురు?" అన్నాడు దరియావలి.

"ఎవుడైతే నీకేంది? మద్రాసులో ఎవుడో ఒకడు."

"సర్కారు తీసేసుకుంటుందని వాడికి తెలుసునా?"

"తెలిస్తే కొంటాడంటయ్యా!" అని చెంచురామయ్య పకపకా నవ్వాడు.

ఆ నవ్వు దరియావలికి మింగుడుపడలేదు. మిషను ఆపేశాడు. సంజీవరావు పేపరు మడిచి మెల్లగా అన్నాడు: "వలీ, ఆమెని తీసకపోను ఈ ఏడు అమ్మాలనే గదా నువ్వు అనుకున్నావు. ఇప్పుడమ్మితే తప్పేముండాది?"

"నెమ్మదిగా ఉండేటప్పుడు అమ్మితే అది అమ్మకం అయ్యోరూ. ఇప్పుడమ్మితే పారిపోవడం. నష్టంలో నిలబడతానని చెప్పి పదేళ్ళు లాభం తీసుకున్నా. ఇప్పుడు ఎవుడి నెత్తినో రుద్ది లేచిపోతే, ఆ తీసుకున్నదంతా వడ్డీ అయిపోదా? ఆ డబ్బుతో ఆమెని కాబాకి తీసకపొమ్మంటారా?"

పరదా వెనక దగ్గు వినిపించింది.

దరియావలి విన్నాడు. వినలేదని ఎవరూ అనడానికి లేదు. దారమో, చక్కెరో అడుగుతుందిలే అనుకున్నాడు. బజారులో పోయేవాళ్ళిద్దరు నిలబడి అతని మాటలు వింటున్నారు. ఇంత పెద్ద మాట మధ్యలో ఎలా లేస్తాడు? కాసేపటికి మళ్ళీ దగ్గు వినిపించింది. అతను తల కూడా తిప్పలేదు. "ఈ గొడవ రెండు నెలల్లో సర్దుకుంటుంది. ఎప్పుడూ సర్దుకోలేదా? అప్పుడమ్ముతా, రంజానుకి ఇంకా టైముండాది" అన్నాడు. చెంచురామయ్య చేతులు దులుపుకుని లేచాడు. లోపల నుంచి మళ్ళీ ఏ చప్పుడూ రాలేదు.

ఆ తర్వాత పదిరోజులకే, ఒక శనివారం పొద్దుగూకాక, చెంచురామయ్య కొట్లో రేడియో చుట్టూ బజారంతా మూగింది. పద్నాలుగు బ్యాంకులను సర్కారు తీసేసుకుంది. వాళ్ళది అందులో ఉంది. సంజీవరావు తన షేర్లు అమ్ముకోలేదు, అయినా ఆయన ముఖం వెలిగింది. "ఇంక రైతుకీ కూలోడికీ కూడా అప్పు పుడుతుంది" అన్నాడు. షేర్ల వాళ్ళకు పరిహారం ఇస్తారు గాని, ఎంతో, ఎప్పుడో తెలియదు. అప్పటిదాకా ఆ కాగితాలు అమ్ముదామన్నా కొనే దిక్కులేదు. తన షేర్లు ముందే అమ్మేసుకున్న చెంచురామయ్య దరియావలి వైపు చూడకుండా రేడియో కట్టేశాడు.

దరియావలి వీధి దాటి ఇంట్లోకి వెళ్ళాడు. సుల్తాన్‌బీ లాంతరు పక్కన కూర్చుని ఉంది. జరిగింది చెప్పాడు. చెబుతూ చెబుతూ, తనకు తెలియకుండానే, వసారాలో మాట్లాడే గొంతు తెచ్చుకుని, "నేను మాత్రం మాట తప్పలా. నష్టంలో నిలబడినా. భాగస్తుడంటే అట్టుండాల" అన్నాడు.

సుల్తాన్‌బీ అతని గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

"ఆ డబ్బులో నీ కాజా ఒక్కటన్నా ఉండాదా?"

దరియావలి లాంతరు వత్తి ఎగదోశాడు.

"ఆ పొద్దు దగ్గినా. రెండుసార్లు దగ్గినా. రాలేదే నువ్వు."

"ఏం చెప్పాలని పిలిచినావు? అమ్మమనా?"

"అమ్మమనేదాన్నో, వద్దనేదాన్నో. మైల డబ్బు నాకూ వద్దు, నువ్వన్నమాటే నేనూ అనుందునేమో. ఆ మాట అనాల్సింది నేను గదా. మద్రాసులో మొకం తెలియని వోడికి మోసం జరగకూడదని అంత ఆలోచించినావు. పరదా ఇవతల ఉండే నన్ను అడగాల్సిన పన్లేదా?"

ఆమె ఏడవలేదు, కేకలూ వేయలేదు. వేసినా బాగుండేదని దరియావలికి అనిపించింది. ఏ మాట కోసం పదేళ్ళు తలెత్తుకు తిరిగాడో ఆ మాటే అతన్ని నిలదీసింది. బ్యాంకుకు భాగస్తుడయ్యాడు, మౌల్వీకి మాటిచ్చాడు, ఊరికి పెద్దమనిషయ్యాడు. కాజాలు కుట్టిన మనిషిని మాత్రం ఒక్కమాట అడగలేదు. 

దాచిన లాభం డబ్బు ఒక్కరి టిక్కెట్టుకి కూడా చాలదు. తర్వాత అతను తిరగని చోటు లేదు. అప్పు అడుగుదామంటే హజ్‌కి అప్పుతో పోకూడదంది సుల్తాన్‌బీ. మిషను అమ్ముతానంటే, "అమ్మి, వచ్చాక ఏం తింటాం?" అంది. రంజాను నెల వచ్చింది, పోయింది. బొంబాయికి డబ్బు కట్టే గడువు దాటిపోయింది. చలికాలం మొదలయ్యేసరికి ఆమెకు లాంతరు ఉందని తెలిసేది గాని, లాంతరు కనిపించేది కాదు.

కాజాలు కుట్టేవాళ్ళు లేక దరియావలే సూది పట్టాడు. ముప్పై ఏళ్ళు మిషను తొక్కినవాడికి చేతికుట్టు ఒక పట్టాన లొంగలేదు. కుట్టింది లోపలికి తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చేవాడు. ఆమె బొటనవేలితో అంచు పొడుగునా తడిమి చూసేది. చాలాసార్లు విప్పించేది.

డిసెంబరులో ఒక సాయంత్రం సంజీవరావు పేపరు చదువుతూ సర్కారు బ్యాంకులు తీసుకోవడం చెల్లదని ఢిల్లీ కోర్టులో నడుస్తున్న కేసు సంగతి చెబుతున్నాడు. చెంచురామయ్య, వసారాలో కూర్చున్న ఇంకో ఇద్దరూ చెవులు రిక్కించారు. "ఏమంటావు సాయిబూ, డబ్బులొస్తాయా?" అని ఎవరో అడిగారు. సంజీవరావు పేజీ తిప్పి, ఒక చోట చూపు ఆపి, చదవకుండా మడిచేశాడు. దరియావలికి అర్థమైంది. బొంబాయిలో హజ్ ఓడ బయల్దేరిన వార్త అయ్యుంటుంది.

పరదా వెనక దగ్గు వినిపించింది.

అడిగినవాడికి జవాబు చెప్పకుండానే దరియావలి లేచాడు. ఒళ్ళో చొక్కా కింద పడినా చూసుకోలేదు. సంజీవరావు తీసి అతని చేతికిచ్చాడు.

లోపల సుల్తాన్‌బీ గోడకు ఆనుకుని కూర్చుంది. పేపరు చదవడం మధ్యలో ఆగింది ఆమెకూ తెలిసింది. "ఓడ పోయిందంటనా?" అంది.

"పోయింది."

 దరియావలి పక్కన కూలబడ్డాడు. "కోర్టు తేలితే డబ్బులొస్తాయంట. వచ్చే ఏడు పోదాం" అన్నాడు. 

"పోదాం. నన్ను చెయ్యి పట్టుకుని తిప్పు. నువ్వు చూసి, ఎట్టుండాదో చెప్పు. ఇప్పుడన్నా అన్నీ నాకు చెప్పు" అంది.

దరియావలి ఏడ్చాడు. వసారాలో వాళ్ళకు వినిపిస్తుందని కూడా చూసుకోలేదు. అతను ఏడ్చినంతసేపూ ఆమె అతని చేతిలోంచి చొక్కా తీసుకుని పైనుంచి కిందికి ఒక్కో కాజా వేలితో చూసుకుంటూ వచ్చింది. మూడోదాని దగ్గర వేలు ఆగింది.

"ఇది వదులుగా ఉండాది. విప్పి మళ్ళీ కుట్టు" అని చొక్కా అతనికిచ్చింది.

అతను కళ్ళు తుడుచుకుని, బయట వాళ్ళను అలాగే కూర్చోనిచ్చి, ఆమె పక్కనే ఆ కుట్టు విప్పడం మొదలుపెట్టాడు.